పన్నెండో పేరు

"ఆ మంగళవారం మైకులో ఎన్ని పేర్లు చదివారు పిన్నిగారూ?"

"పన్నెండు."

"పదకొండు కాదు కదా?"

"తొమ్మిది రోజులుగా పొద్దున లేచిన దగ్గర్నుంచి అదే లెక్క పెట్టుకుంటున్నానమ్మా. పన్నెండే. ఆఖర్న నాంచారయ్య పేరు చదివాను."

సుబ్బమ్మ అంతవరకు చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెనాలి డిటెక్టివ్ శివపార్వతి గది చుట్టూ చూసింది. పాతరేవు పడవల సంఘం ఆఫీసు అంటే ఒక గది, ఒక కంప్యూటర్, ఒక మైకు, బయట కొబ్బరిచెట్టుకి కట్టిన రెండు గొట్టాలు. రేపల్లెలో రైలు దిగి ఆటోలో ముప్పావుగంట ఊగుతూ వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండూ ఇరవై అయింది. బాపట్ల కోర్టులో అభిరామ్‌ను హాజరుపరిచేది సాయంత్రం ఐదుకి. చేతిలో ఉన్నది నాలుగు గంటలా నలభై నిమిషాలు. ఆ తర్వాత ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు హత్య కేసులో జైలుకి వెళ్తాడు. ఒకసారి వెళ్ళినవాణ్ణి బయటికి లాగడం ఎంత పనో ఆమెకు బాగా తెలుసు.

పాతరేవులో ఒక పద్ధతి ఉంది. వేటకు బయల్దేరే మనిషితో 'వెళ్ళొద్దు' అని ఎవరూ అనరు. ఆ మాట చెవిన పడటమే కీడని నమ్మకం. అందుకే ఆ రోజు సముద్రంలోకి వెళ్ళదగ్గ పడవల పేర్లు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకి మైకులో చదువుతారు. పేరు వినపడని పడవ ఒడ్డునే ఉంటుంది. పేరు వినపడ్డ పడవ కదిలి తీరాలి. పిలిచాక కూడా ఒడ్డున కూర్చున్నవాణ్ణి పిరికివాడని నెల రోజులు ఆడిపోసుకుంటారు. పదేళ్ళుగా ఆ పేర్లు చదివేది సుబ్బమ్మే.

ఏ పడవ వెళ్ళొచ్చో చెప్పే వెబ్‌సైటును తయారుచేసింది నందివెలుగు కుర్రాడు అభిరామ్. పేజీలో పడవకో వరస ఉంటుంది. పచ్చరంగు ఉంటే వెళ్ళొచ్చు, ఎర్రరంగు ఉంటే ఆగాలి. వాతావరణ హెచ్చరిక చూసి అతను తెనాలిలో కూర్చుని రోజూ పన్నెండూ నలభైకి రంగులు మారుస్తాడు. పన్నెండూ యాభై ఎనిమిదికి సుబ్బమ్మ తెరను ఫోన్‌తో ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టి, ఒంటిగంటకి చదువుతుంది.

ఆ మంగళవారం చిన్న పడవలకి ఈదురుగాలి హెచ్చరిక. పదకొండు పెద్ద పడవలకే పచ్చరంగు రావాలి. సుబ్బమ్మ తీసిన ఫొటోలో పన్నెండు పచ్చవరసలున్నాయి. పన్నెండోది పీతల వల వేసుకునే నాంచారయ్య చిన్న పడవ. ఒక్కడే వెళ్తాడు, ఒక్కడే వస్తాడు. పేరు వినపడింది కాబట్టి వెళ్ళాడు. మర్నాడు పడవ బోర్లాపడి దొరికింది, మనిషి దొరకలేదు.

సంఘం ప్రెసిడెంటు పెద్ద పడవ పోయిన నెల ఒక నాటు పడవను గుద్ది ముంచేసింది. చూసిన సాక్షి నాంచారయ్య ఒక్కడే. పద్నాలుగో తారీఖున కోర్టులో చెప్పాల్సి ఉంది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఊరంతా మూగనోము పట్టింది.

"ఈ గదిలోకి ఇంకెవరొస్తారు?"

"ఎవరూ రారమ్మా. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి, పేజీ తెరిచిపెట్టి, పదకొండుకి తాళం వేసి అన్నానికి ఇంటికెళ్తాను. మళ్ళీ పన్నెండూ యాభైకి తెరుస్తాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంటది. ఇవాళ నువ్వొస్తున్నావని వెళ్ళలేదు."

"కంప్యూటర్ బాగుచెయ్యడానికని ఈ మధ్య ఎవరన్నా వచ్చారా?"

"నాలుగేళ్ళ కిందట నువ్వూ ఆ తమ్ముడూ వచ్చి పెట్టి వెళ్ళినాక దాన్ని ముట్టుకున్నది నేనేనమ్మా. ఆ అభిరామ్ కూడా తెనాలి నుంచే చూసుకుంటాడు."

తమ్ముడు అనేసరికి శివపార్వతి కాయితం మీద ఏదో రాస్తున్నట్టు తల దించుకుంది. ఆ తమ్ముడు సుధీర్, అక్కా అని పిలిచేవాడే గానీ తోడబుట్టినవాడు కాదు. తెనాలిలో ఇద్దరూ కలిసి ఆరేళ్ళు డిటెక్టివ్ ఏజెన్సీ నడిపారు. మూడేళ్ళ కిందట విడిపోయి, అతను బాపట్లలో సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఈ సంఘానికి అతనే సైబర్ సలహాదారు. అభిరామ్‌ను లోపల వేయించిన రిపోర్టు కూడా అతని చేతిరాతే.

ఒంటిగంటయింది. సుబ్బమ్మ మైకు ముందు కూర్చుని ఆరు పేర్లు చదివింది. కిటికీలోంచి చూస్తే ఒడ్డున ఒక్క పడవా కదల్లేదు. ఒకతను తన ఫోన్ తీసి పేజీ చూసుకుని, మిగతావాళ్ళకి చెయ్యూపాక గానీ ఇంజన్లు మొదలవలేదు.

"తొమ్మిది రోజులుగా ఇంతేనమ్మా. నా నోటి మాట మీద నమ్మకం పోయింది. బావి దగ్గర కూడా ఎవరూ పలకరించట్లేదు," అంది సుబ్బమ్మ మైకు ఆపి.

ఎవరూ పలకరించకపోవడమంటే ఏంటో శివపార్వతికి ఇంకొకరు వివరించాల్సిన పని లేదు. మూడేళ్ళుగా తెనాలి ఆఫీసులో పొద్దున తెచ్చుకున్న క్యారేజీ గోడ వైపు తిరిగి తింటోంది. రోజంతా మాట్లాడిన మొత్తం మాటలు ఆటోవాడితో బేరమాడినవే అయిన రోజులు బోలెడు. ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది గానీ, అలవాటు తప్పిపోయిన పని కావడంతో పట్టుకోలేకపోయింది. కుర్చీ కంప్యూటర్ ముందుకు లాక్కుంది.

"ఇటు చూడండి పిన్నిగారూ. ఇవాళ నాంచారయ్య గారి పడవ ఏ రంగులో ఉంది?"

"ఎరుపు."

శివపార్వతి కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. తెరకి కుడిపక్కన పేజీ లోపలి రాత తెరుచుకుంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళు తప్పులు వెతుక్కోవడానికి వాడే కిటికీ అది. నాంచారయ్య వరసకి సంబంధించిన ముక్క వెతికి, ఎరుపు అన్న చోట పచ్చ అని కొట్టింది. తెర మీద వరస పచ్చబడింది.

సుబ్బమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మార్చేశావా ఏంటి?"

"మీ ఫోన్లో తెరిచి చూడండి."

ఆవిడ తెరిచింది. "ఇందులో ఎరుపే ఉందమ్మా."

"ఎందుకంటే నేను వెబ్‌సైటును ముట్టుకోలేదు. అక్కణ్ణించి ఎర్రగానే వచ్చింది. ఈ ఒక్క తెర మీద రంగు పూశాను, అంతే. పేజీ మళ్ళీ తెరిస్తే పోతుంది. ఇదే పని మనిషి అక్కర్లేకుండా చేసిపెట్టే సామాన్లున్నాయి. వాటిని ఎక్స్‌టెన్షన్లంటారు. బ్రౌజర్‌కి తగిలించుకోవాలి. ఫలానా పేజీలో ఫలానా వరస ఎర్రగా వస్తే పచ్చగా చూపించు అని ఒక రూలు రాసి పెడితే, ఎన్నిసార్లు తెరిచినా పచ్చగానే కనపడుతుంది."

"అంటే ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చదివానమ్మా నేను?"

"మీకు చూపించింది మీరు చదివారు."

సుబ్బమ్మ బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఏడవడానికి ఆవిడకి తొమ్మిది రోజులు పట్టింది.

శివపార్వతి ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచింది. ఏడున్నాయి. పేజీలో ఏ ముక్క ఎంత వెడల్పుందో కొలిచేది ఒకటి. రంగుల నంబర్లు చెప్పేది ఒకటి. పేజీకీ సర్వర్‌కీ మధ్య నడిచే రాకపోకలు రాసిపెట్టేది ఒకటి. ఇలా ఆరు పాతవి, నాలుగేళ్ళ కిందటివి. చేపల రేవులో మైకు చదివే ఆవిడకి వీటితో పనేముంది? ఇవి ఎవరో వెబ్ పనివాడి సామాన్లు. ఆ ఎంపిక ఎక్కడో చూసినట్టే అనిపించింది గానీ, ఏడోదాని తారీఖు చూసి ఆ ఆలోచన పక్కకి పోయింది. ఏడోది పేజీల రూపం మార్చే రకం. అది ఈ కంప్యూటర్లోకి వచ్చింది ఆ మంగళవారమే, పన్నెండూ ముప్పై ఒకటికి.

పన్నెండూ ముప్పై ఒకటికి గది తాళం వేసి ఉంది. తాళంచెవి సుబ్బమ్మ బొడ్లో ఉంది, సుబ్బమ్మ అన్నం దగ్గరుంది.

దాన్ని తెరిస్తే రూళ్ళేమీ లేవు, తుడిచేశారు. శివపార్వతి నవ్వుకుంది. కొత్తవాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఎక్స్‌టెన్షన్ తన రూళ్ళను డిస్కు మీద ఒక ఫైల్లో రాసుకుంటుంది. రూలు తీసేస్తే, తీసేసినట్టు కింద ఇంకో ముక్క రాస్తుందే తప్ప పైన రాసింది వెంటనే చెరపదు. ఆ ఫైలు వెతికి తెరిచింది. గజిబిజి అక్షరాల మధ్య నాంచారయ్య పడవ నంబరు దొరికింది. ఎరుపు స్థానంలో పచ్చ. రాసింది పన్నెండూ నలభై ఆరు. తీసేసింది ఒకటీ ఇరవై. మైకు ఆగిపోయి, పడవ మొగ దాటి సముద్రంలో పడేంతవరకు ఎవరో ఎక్కడో ఓపిగ్గా కాచుకుని కూర్చున్నారు.

తాళం వేసిన గదిలోకి రావడానికి దారి ఒకటే. ఒకే అకౌంటుతో రెండుచోట్ల బ్రౌజర్ తెరిచి ఉంచితే, ఒకచోట తగిలించిన ఎక్స్‌టెన్షన్, దాని రూళ్ళతో సహా రెండోచోటికి తనంతట తానే వచ్చేస్తుంది. ఈ బ్రౌజర్ ఎవరి అకౌంటుతో తెరిచి ఉందో చూస్తే చాలు. మౌసు తెర పైమూలకి జరుపుతుండగా బయట జీపు ఆగింది. టైము రెండూ పది.

ముందు ఎస్సై అజయ్ బాబు, వెనక సుధీర్ వచ్చారు. సుధీర్ జుట్టు చెవుల దగ్గర నెరిసింది. ఆ మూడేళ్ళలో తనకెంత నెరిసిందో శివపార్వతి గమనించుకోలేదు.

"బాగున్నావా అక్కా?" అన్నాడు సుధీర్.

"పని మీదున్నాను."

"కంప్యూటర్ స్వాధీనం చేసుకోవడానికి వచ్చామండి," అన్నాడు ఎస్సై. "మీరిక్కడ..."

"నవ్య తరఫున వచ్చానండి. నాంచారయ్య గారి అమ్మాయి. బాపట్లలో నర్సింగ్ చదువుతోంది."

"ఆ అమ్మాయి ఫోన్ స్క్రీన్‌షాట్ నేను చూశాను సార్," అన్నాడు సుధీర్. "పన్నెండూ యాభై అయిదుకి ఎర్రగా ఉందంటోంది. పాత పేజీ అది. ఫోన్లో ముందురోజుది దాగి ఉంటే అదే చూపించింది. అభిరామ్ పన్నెండూ నలభైకి సైటులోకి వెళ్ళాడు, పచ్చ చేశాడు, మనిషి వెళ్ళిపోయాక మళ్ళీ ఎరుపు చేశాడు. లాగిన్ అతనిదే."

"అతను రోజూ అదే టైముకి వెళ్తాడు. అది అతని ఉద్యోగం," అంది శివపార్వతి. "స్క్రీన్‌షాట్ అడుగున ఏముందో చదివావా?"

"ఏముంది?"

"మార్చిన సమయం, ఆ మంగళవారం పన్నెండూ నలభై. పిన్నిగారి ఫొటో అడుగున కూడా అదే తారీఖు, అదే సమయం. రెండూ ఒకే పేజీ సుధీర్. మూడు నిమిషాల తేడాతో ఒక తెర మీద ఎరుపు, ఒక తెర మీద పచ్చ. సర్వర్లో మారిస్తే ఇద్దరికీ మారాలి, ఆ సమయమూ మారాలి."

ఎస్సై రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. అతను కంప్యూటర్ల మనిషి కాకపోయినా గడియారం చదవగలడు. శివపార్వతి ఫైలు చూపించి, టైములు చదివి, తాళం సంగతి చెప్పింది. అతను రెండుసార్లు అడిగి మూడోసారికి తలూపాడు.

"ముందు నెట్ వైరు పీకెయ్యండి. దూరం నుంచి దీన్ని కూడా తుడిచెయ్యొచ్చు."

ఎస్సై తన చేత్తోనే పీకాడు. "ఇదంతా మధ్యవర్తుల ముందు రాయాలండి. ఇద్దర్ని తీసుకొస్తాను. మీరిద్దరూ దీన్ని ముట్టుకోకండి," అని వాకిట్లో కానిస్టేబుల్‌ని నిలబెట్టి ఒడ్డు వైపు వెళ్ళాడు.

సుధీర్ గోడకి ఆనుకుని గొంతు తగ్గించి అన్నాడు.

"అకౌంటు ఎవరిదో చూశావా అక్కా?"

"చూడబోతున్నాను."

"చూడు మరి. ఒక్క మూలే కదా."

ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. అయినా మౌసు ఒక్క అంగుళం జరిపింది. గుండ్రటి బొమ్మ కింద అక్షరాలు తెరుచుకున్నాయి. అది తన ఏజెన్సీ మెయిల్ అడ్రసు. తన పేరు. తన ఫోన్ నంబరులో చివరి రెండంకెలు.

నాలుగేళ్ళ కిందట ఈ కంప్యూటర్ పెట్టినప్పుడు, పరీక్షించడానికి తన అకౌంటుతో బ్రౌజర్ తెరిచింది తనే. మూయడం మర్చిపోయింది కూడా తనే. ఆ ఆరు పాత సామాన్లు తనవే. అందుకే ఎక్కడో చూసినట్టనిపించింది.

"ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇద్దరం," అంది చివరికి.

"ఒకళ్ళు నువ్వు," అన్నాడు సుధీర్. "నా కంప్యూటర్లు వెతుక్కోమను, ఏమీ దొరకదు. నీ పేరు మాత్రం ఈ తెర మీదుంది. ఇన్నేళ్ళు ఎందుకు మార్చలేదక్కా?"

అతను నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టున్నాడు. శివపార్వతికి ఆ జవాబు చెప్పాలంటే సిగ్గు. ఆ అకౌంటుకి వచ్చే ఉత్తరాలు ఆమె చదవకుండా వదిలేసినా, కొన్ని రోజులకి చదివినట్టు గుర్తు పడేది. సుధీర్ బాపట్లలో కూర్చుని అప్పుడప్పుడు తెరుస్తున్నాడని అర్థమయ్యేది. ఒక మనిషి ఇంకా తన వాకిట్లోకి వచ్చి పోతున్నాడన్న ఆ చిన్న ఆనవాలు కోసం మూడేళ్ళు తాళం మార్చలేదు. ఆ సందులోంచే నాంచారయ్య చావు వచ్చింది.

"నువ్వే చేశావు," అంది.

"ప్రెసిడెంటు గారు రంగు ఒకటి మార్చమన్నారు. గాలి అంత లేస్తుందని ఎవరికి తెలుసు? ఒకటి రెండు రోజులు భయపెడదామనుకున్నారు," అన్నాడతను నేల చూస్తూ. "ఈ మాట నేననలేదంటాను. ఎస్సై నెట్ పీకాడు గానీ ఆ ఫైలు ఇంకా నీ చేతి కిందే ఉంది. ఒక్క మీట నొక్కు. అభిరామ్‌కి ఆర్నెల్లకి బెయిలొస్తుంది. నేను తెనాలి వచ్చేస్తాను అక్కా. మళ్ళీ ఏజెన్సీ తెరుద్దాం. అక్కడ ఒక్కదానివే కూర్చుంటున్నావని నాకు తెలియదా?"

చివరి మాట బాగా తగిలింది. మళ్ళీ ఎదురుగా ఒక మనిషి, రెండో కప్పు టీ, కేసు గురించి వాదులాట. ఎంత కావాలనిపించిందో తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. వేలు మీట దాకా వెళ్ళలేదు గానీ, చూపు వెళ్ళింది.

నవ్య పొద్దున ఫోన్లో అన్న మాట గుర్తొచ్చింది. "ఎర్రగా ఉంది కదా, నాన్న ఇంట్లోనే ఉంటాడులే అనుకుని ఫోన్ చెయ్యలేదు మేడం. ఆ అబ్బాయి నాకు సరిగ్గానే చూపించాడు. అతన్నెందుకు పట్టుకెళ్ళారు?"

రెండూ యాభైకి ఎస్సై ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కాయితాలు తీసి, తారీఖు వేసి, ఫైలు సంగతి మధ్యవర్తులకి చదివి వినిపించి రాసుకున్నాడు.

"అకౌంటు ఎవరిదో తెలుసుకోవాలండి. బ్రౌజర్ కంపెనీకి ఉత్తరం రాయాలా?"

సుధీర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అక్కర్లేదండి. నాది," అంది శివపార్వతి. "నా పేరు రాయండి. నాలుగేళ్ళ కిందట నేను తెరిచి, మూయకుండా వదిలేశాను. పాస్‌వర్డ్ ఇతనికీ తెలుసు. ఇప్పుడు నా ముందు ఒప్పుకున్నాడు, మీ ముందు ఒప్పుకోడు. అది కూడా రాయండి."

ఎస్సై పెన్ను ఆగిపోయింది. "మేడం, ఇది రాస్తే మొదటి ముద్దాయి మీరవుతారు."

"తెలుసండి. ముందు బాపట్ల ఫోన్ చెయ్యండి. ఆ కుర్రాడి సంగతి ఐదు కాకముందే మేజిస్ట్రేటు గారికి తెలియాలి."

అజయ్ బాబు ఫోన్ తీశాడు. అవతలివాళ్ళకి రెండుసార్లు వివరంగా చెప్పాడు. ఫోన్ పెట్టేసి, "ఈ కాయితం అందేదాకా రిమాండ్ అడగరటండి," అన్నాడు. అరుగు మీది నుంచి సుబ్బమ్మ లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

కంప్యూటర్‌కి గుడ్డ చుట్టి సీలు వేశారు. ఎస్సై కొత్త ఫారం తీశాడు.

"మిమ్మల్ని తీసుకెళ్తున్నట్టు మీవాళ్ళెవరికైనా తెలియజెయ్యాలండి. రూలు. ఎవరి పేరు రాయను?"

నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. అది కిటికీ దగ్గర నిలబడ్డవాడిది. శివపార్వతి ఆ పది అంకెలూ మింగేసి, చేతిసంచిలోంచి కాయితం తీసి చూసింది.

"నవ్య అని రాయండి. నంబరు ఇదుగో."

"మీకేమవుతుందండి ఆ అమ్మాయి?"

"ఏమీ కాదండి. నిన్నటిదాకా మొహం కూడా చూడలేదు."

ఎస్సై ఆ గడిలో ఏం రాయాలో తోచక ఆమె మొహం వంక చూశాడు.

"నేనే వాళ్ళ నాన్న చావుకి దారి వదిలేశానని కూడా చెప్పాలి కదండీ," అంది శివపార్వతి. "ఆ మాట మీరు చెప్పొద్దు. ఫోన్ కలిపి నాకివ్వండి."